కోడి కింద అంగన్‌వాడీ గుడ్లు

బుధవారం, పొద్దున్న పదిన్నర. ఆ గంట అంగన్‌వాడీ టీచరమ్మ సెల్‌ఫోన్‌లో చూసి నేను రాస్తున్నది. మా ఇంట్లో గడియారం ఎప్పుడో ఆగిపోయింది, దించే తీరిక ఎవరికీ లేదు.

మాది డుంబ్రిగుడకు పైన కొండ మీద ఉన్న చిన్న ఊరు. అంగన్‌వాడీ కేంద్రం గెడ్డ అనే కొండవాగు అవతల ఊళ్ళో ఉంది. వానలప్పుడు గెడ్డ దాటనివ్వదు, వానలు లేనప్పుడు పనులు కదలనివ్వవు. అందుకని టీచరమ్మే గుడ్లు, పాలు, పిండి మోసుకొచ్చి ఇంటింటికీ ఇచ్చేది. నెలకోసారి పిల్లల జబ్బకు రంగుల టేపు చుట్టి చూసేది. ఆకుపచ్చ అయితే పరవాలేదు. పసుపు అయితే జాగ్రత్త. ఎరుపు అయితే కిందికి, ఆసుపత్రికి. నేను తల నెరిశాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ఆ టేపు చదవడానికి అవి అక్కర్లేదు.

ఆ రోజు నా మనవరాలి జబ్బ మీద టేపు ఎరుపు చూపింది. ఏడాదిన్నర పిల్ల. పోయిన నెల పసుపు. టీచరమ్మ విప్పి మళ్ళీ చుట్టింది. రంగు మారలేదు. అంత సన్నపు పిల్లకు ఈ చలిలో జొరం తగిలితే తట్టుకుంటుందా అని నన్ను పక్కకు పిలిచి అడిగింది. తట్టుకోదని ఇద్దరికీ తెలుసు.

తర్వాత గుడ్ల సంగతి అడిగింది. ఇచ్చినవన్నీ పిల్లకు పెడుతున్నారా అని. నా కోడలు చూరు వైపు చూసింది. టీచరమ్మ వచ్చే రోజు తప్ప నేను పగలంతా కాఫీ తోటలో ఉంటాను, పిల్ల తిండి ఆమె చూస్తుంది. కానీ మా పెట్ట చాలా రోజులుగా బుట్ట దిగడం లేదు. వెనక వసారాలోకి వెళ్ళి దాన్ని పైకెత్తాను. నా చెయ్యి పొడిచింది. మా పెట్ట గుడ్లు చిన్నవి, మట్టిరంగువి. దాని కింద ఉన్నవి పెద్దవి, సున్నం కొట్టినట్టు తెల్లవి.

టీచరమ్మ వంగి బుట్టలోకి చూసింది. ముందు మాట్లాడింది పెట్ట.

"ఏటిది?" అంది టీచరమ్మ తర్వాత.

"తినేత్తే ఒక్క పూటే కదమ్మా," అంది నా కోడలు. "పొదిగితే కోడవుద్ది. కోడి గుడ్లెడతాది. అప్పుడు ఈ గుంట రోజూ తింటాది," అని చంకలో పిల్లను చూపింది.

లెక్కలో తప్పేమీ లేదు. విత్తనపు చోళ్ళు, అంటే రాగులు, ఎంత ఆకలైనా అటక మీదే ఉంటాయి. మాకు గుడ్డూ అంతే. చుట్టం వస్తే కోడిని కోస్తాం గాని గుడ్డును ఊరికే కొట్టం. నా కోడలు బుద్ధిమంతురాలు కాబట్టి ఆ పని చేసింది. తెలివి తక్కువదైతే పిల్లకు పెట్టేసి ఉండేది.

టీచరమ్మ ఒక గుడ్డు పగలగొట్టింది. ఆ వాసన గురించి రాయను. ఇవి ఫారం గుడ్లని, అక్కడ పెట్టలే తప్ప పుంజులు ఉండవని, ఎన్నాళ్ళు పొదిగినా కోడిపిల్ల లేవదని చెప్పింది. వాసనకు పక్కింటి నుంచి మా వదిన వచ్చి గడపలో నిలబడింది. ఆమెకు నమ్మకం కుదరలేదు.

"మొగుడు నేకుండా కంటారేటమ్మా మీ కింద ఊళ్ళల్లో?"

"అందుకే పిల్లలు రారత్తా. గుడ్లే వస్తాయి," అంది టీచరమ్మ.

మా వదిన ఇంటికెళ్ళి కొంగులో తన పెట్ట గుడ్లు పట్టుకొచ్చింది. "ఈటిని పొదగెయ్యండి. లేచిన పిల్లల్లో సగం నావి," అంది. దయ అనుకోవద్దు. మేకనైనా కోడినైనా పాలుకిచ్చే ఆచారం మాకుంది. సొత్తు ఒకరిది, సాకుడు ఒకరిది, పుట్టినవి చెరిసగం. ఆమె పెట్ట ఆ ఏడు పొదగనని మొరాయించింది. మా పెట్ట కుళ్ళు గుడ్ల మీద కూర్చుంది.

"పొదిగేది వేరు, తినేది వేరు," అన్నాను కోడలితో. "తెల్లది మన గడప తొక్కకూడదు. ఉడికించి గుంట నోట్లోకే పోవాల."

ఎక్కడ ఉడికించాలన్నది మిగిలింది. మా ఊరి కాఫీ సంఘానికి రేకుల షెడ్డు ఉంది. తాళం మా ముసలాయన దగ్గర ఉంటుంది. సంఘం తీర్మానం కావాలన్నాడు. మధ్యాహ్నాలు అందులో పడుకోవడానికి ఏ తీర్మానం చేశారని అడిగాను. తాళం ఇచ్చాడు. తర్వాత ఊరి పిల్లలందరికీ రోజూ అక్కడే పెట్టాలని, కట్టెలు, చోడి అంబలి ఆడవాళ్ళ వంతు అని ఒప్పుకున్నాం. పెద్ద గిన్నెలు ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్ళు ఇచ్చారు. ఆ రోజుకు మాత్రం మా అన్నం గిన్నె, టీచరమ్మ సంచిలోని కొత్త గుడ్లు.

నా మనవరాలు తెల్లసొన ఉమ్మేసింది. పచ్చసొన తిని, ఇంకా కావాలని ఏడ్చింది. అలా ఏడవగలదని నాకు అప్పుడే తెలిసింది.

మర్నాడు ఆసుపత్రిలోనూ పెట్టిన తిండి తిన్నది. జొరం లేదని, మందులిచ్చి, వారం వారం చూపించమని ఇంటికి పంపారు. చలి తగ్గేసరికి టేపు మళ్ళీ పసుపుకు వచ్చింది. ఆకుపచ్చకు ఇంకా కొంచెం ఉంది.

ఆ బుధవారం అక్కడ ఉన్నవాళ్ళు: టీచరమ్మ, మా వదిన, తాళం ఇచ్చిన మా ముసలాయన, నేను. నా కొడుకు లేడు, కాఫీ పళ్ళ కోతలో ఉన్నాడు. ఉడికిన గుడ్డు ఒలుస్తూ నా కోడలు. ఆమె ఒళ్ళో, రెండో గుడ్డు కోసం ఏడుస్తూ నా మనవరాలు.