హాజరు బొట్టు

మా నిజామాబాద్‌కు ఈమధ్య తెలివి ఎక్కువైంది. చౌరస్తాలో కెమెరా హెల్మెట్ లేనివాడి బండి నంబరు పట్టేస్తుంది. చెత్త బండి ఏ సందులో ఎంతసేపు ఆగిందో ఎక్కడో ఆఫీసులో తెర మీద కనిపిస్తుందట. నేను ప్రైవేటు స్కూల్లో పిల్లలకు కంప్యూటర్ చెబుతాను కాబట్టి, ఇదంతా చూసి సంబరపడతానని అందరూ అనుకుంటారు. నాకు ఒళ్లు మండుతుంది. ఎందుకో చెప్పాలంటే మా అవ్వ ముఖం గురించి చెప్పాలి. మేం అమ్మను అవ్వ అనే పిలుస్తాం.

బోధన్ షుగర్ ఫ్యాక్టరీ మూతపడ్డాక బాపు మమ్మల్ని తీసుకుని ఈ పట్టణానికి వచ్చాడు. ఆయనకు వాచ్‌మన్ పని దొరికింది. అవ్వకు కాంట్రాక్టు మీద రోడ్లు ఊడ్చే పని దొరికింది. గంజ్ మార్కెట్ నుంచి బస్టాండుకు పోయే దారిలో ఒక ముక్క ఆమెది. పసుపు సీజన్లో లారీల నుంచి రాలిన పొడి ఊడ్చి ఇంటికొచ్చేసరికి ఆమె పాదాలు పచ్చగా ఉండేవి. ఆ ముక్కను "నా రోడ్డు" అనేది.

అప్పట్లో హాజరు నోటితోనే నడిచేది. ఊడ్చేవాళ్ల మీద ఉండే సూపర్వైజరును మా దగ్గర జవాన్ అంటారు. ఆయన తెల్లవారుజామున పేర్లు పిలిచేవాడు, వచ్చినవాళ్లు పలికేవాళ్లు. ఒకామెకు జ్వరమొస్తే ఆమె కోడలో చెల్లెలో చీపురు పట్టుకుని వచ్చి ఆమె పేరుకు పలికేది. రోడ్డు శుభ్రంగానే ఉండేది, ఎవరూ తప్పనుకోలేదు. లేని మనుషుల పేర్ల మీద ఎవరో జీతాలు మింగుతున్నారన్న మాట కూడా ఉండేది. నిజమే కావచ్చు. వాళ్లను పట్టుకోవడానికని, ముఖం చూసి హాజరు వేసే ఫోన్ తెచ్చారు. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు. మింగేవాళ్లు ఈపాటికి ఇంకో దారి వెతుక్కునే ఉంటారు, వాళ్ల గురించి నాకు దిగులేం లేదు.

ముఖాలు ఫోన్లోకి ఎక్కించే ముందురోజు జవాన్ "రేపు అందరికి ఫొటోలు" అని చెప్పి పంపాడు. అక్కడే వచ్చింది తంటా. మా వాడకట్టులో ఫొటో అంటే పెళ్లిలో దిగేది, పండక్కి స్టూడియోకు పోయి దిగేది. ఫోన్‌కు చూపించాల్సింది రోజూ చీపురు పట్టే ముఖమని ఎవరికి తడుతుంది? తెల్లారేసరికి అందరిళ్లలో తలస్నానాలు. బాపు తనే పెట్టెలోంచి పట్టుచీర తీసిచ్చాడు. "సర్కారు ఫొటోల పాత శీరతోని దిగుతవా? నలుగురు సూస్తే ఏమనుకుంటరు?" అన్నాడు. అవ్వ ముఖానికి పసుపు రాసుకుని, రూపాయి బిళ్లంత బొట్టు పెట్టుకుని, తలలో కనకాంబరాలు తురుముకుని వెళ్లింది. అక్కడ చూస్తే అందరూ అలాగే వచ్చారట. బతుకమ్మ ఆడబోతున్నారా అని జవాన్ పడీపడీ నవ్వాడట.

ఫోన్ హాజరు మొదలైన రోజే ఆయన నవ్వు ఆగిపోయింది. తలకు గుడ్డ చుట్టుకుని, మామూలు ముఖాలతో వచ్చిన ఆడవాళ్లలో చాలామందిని ఫోన్ కాదు పొమ్మంది. ఎందుకు కాదంటుందో చెప్పదు. వీధిలైటు వెలుగు చాలకపోవచ్చు, చవక ఫోన్ కావచ్చు. కంప్యూటర్ పంతులమ్మను కదా అని నన్నడిగారు. నాకూ తెలియదు. అంతుబట్టని దేవుడికి మనవాళ్లు ఏం చేస్తారో దీనికీ అదే చేశారు. ఒకామెకు పూలు పెట్టుకున్న రోజు హాజరు పడింది, దాంతో అందరూ పూలు పెట్టుకున్నారు. ఇంకొకామెకు బొట్టు పెద్దది చేస్తే పడింది. చివరికి, ఫొటోలో ఎట్లున్నరో అట్లనే రండ్రి అని జవాన్ తేల్చేశాడు. అప్పటి నుంచి చెత్త ఎత్తబోయే మనుషులు చీకట్లోనే లేచి పేరంటానికి పోతున్నట్టు తయారయ్యేవాళ్లు. బాపు మంచం మీద లేచి కూర్చుని అవ్వను చూసి మురిసిపోయేవాడు. "లగ్గమైనంక గింత సోకు ఎన్నడన్న జేసినవా?" అనేవాడు.

ఆ బాపు ఒక మధ్యాహ్నం డ్యూటీ కుర్చీలోనే ఒరిగిపోయాడు. గుండె అన్నారు.

కర్మ రోజున బోధన్ పక్క పల్లె నుంచి మా మేనత్త, బాపు అక్క, వచ్చింది. అత్తే అవ్వ గాజులు పగలగొట్టి, బొట్టు తుడవబోయింది. నేను చెయ్యి పట్టుకుని అడ్డుపడ్డాను. ఆమె బొట్టు ఆమె ఇష్టం, మధ్యలో మీరెవరని అరిచాను.

"నాలుగచ్చరాలు నేర్సినవని నెత్తికెక్కకు. పోయింది నా తమ్ముడు. గిదేమన్న ఆటనా?" అంది అత్త.

అవ్వ నా వైపు చూసి వద్దన్నట్టు తల ఊపింది. అత్త తుడిచేసింది. బొట్టు ఉండే చోట చర్మం పాలిపోయి, కొత్తగా కనిపించింది.

కర్మకని ఇచ్చిన సెలవు అయిపోయాక అవ్వ పనికి వెళ్లింది, నేనూ తోడు వెళ్లాను. ముఖం సరిపోలలేదంది ఫోన్. మర్నాడూ అదే మాట. అవ్వ మాత్రం చీపురు తీసుకుని తన రోడ్డంతా ఊడ్చి వచ్చేది. రోడ్డు ఊడ్చి ఉంది, ఊడ్చిన మనిషి ఎదురుగా నిలబడి ఉంది, కానీ ఫోన్ లెక్కలో ఆమె రానేలేదు. వరసగా రానివాళ్ల పేర్లు ఎవరూ చెప్పకుండానే అందులోంచి ఎగిరిపోతాయట. శనివారం కూడా పడకపోతే పని పోయినట్టేనని జవాన్ చెప్పాడు. బాపు జీతం లేని ఇంట్లో మాకు మిగిలిన ఆధారం ఆ పనీ, నాకు బడిలో ఇచ్చే నాలుగు డబ్బులూ.

సెలవు పెట్టి అవ్వను మున్సిపల్ ఆఫీసుకు తీసుకెళ్లాను. కొత్త ఫొటో తీసుకోమన్నాను.

"మార్చే ఆప్షన్ మా దగ్గర లేదు మేడం. హైదరాబాద్ల కంపెనీకి రాస్తం, వాళ్లు జేయాలె," అన్నాడు అక్కడి ఉద్యోగి.

"మనిషి మీ ముందే ఉంది కదా. మీరు గుర్తుపట్టారు కదా!"

"నేను గుర్తువడితే ఏం ఫాయిదా మేడం? సిస్టం గుర్తువట్టాలె."

అవ్వకు కుర్చీ వేశాడు, మంచినీళ్లు ఇప్పించాడు. దుర్మార్గుడైతే నాలుగు తిట్టి కడుపుమంట చల్లార్చుకునేదాన్ని. తిట్టడానికి కూడా మనిషి దొరకని రోజులొచ్చాయి.

శుక్రవారం జవాన్ ఇంటికే వచ్చాడు. "ఒక్క నిమిషం బొట్టు పెట్టుకో అక్కా. పడంగనే తీసెయ్యి."

"తుడిసిన బొట్టు మల్ల పెట్టుకుంటే మా ఆడిబిడ్డ గడప తొక్కనిస్తదానే?" అని అవ్వ నన్నడిగింది, ఆయనను కాదు.

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఇంట్లోవాళ్లు బొట్టు వద్దన్నారు, ఫోన్ కావాలంటోంది. ఆమెకేం కావాలో అడిగినవాళ్లు లేరు. ఆ బొట్టు ఆమెకు ఉండాలని పోట్లాడింది నేనే. ఇలా వస్తుందని మాత్రం అనుకోలేదు.

శనివారం పొద్దున హాజరు చోటు దగ్గరపడ్డాక అవ్వ ఆగింది. కొంగు ముడి విప్పి స్టిక్కర్ బొట్ల అట్ట తీసింది. ఎప్పుడు కొన్నదో.

"సక్కగ నడుమ పెట్టు. నాకు అద్దం లేదు," అంది.

పెట్టాను. చీపుర్లు పట్టుకున్న ఆడవాళ్లంతా ఆమెకు సిగ్గు కాకూడదని అటు తిరిగి నిలబడ్డారు. అవ్వ ఫోన్ ముందుకు వెళ్లింది. ఫోన్ కాదంది. ఇంకోసారి పెడితే ఇంకోసారి కాదంది. జవాన్ ఆమె పాత ఫొటో తెరిచి, ఫోన్‌నూ ఆమెనూ మార్చి మార్చి చూశాడు.

"ఏమనుకోకు అక్కా. ఫొటోల నవ్వుతున్నవ్. జరంత నవ్వు."

నాకు ఆ ఫోన్ లాక్కుని నేలకు కొట్టాలనిపించింది. అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఫోన్ వైపు చూసి, పళ్లు కనిపించేలా నవ్వింది. పచ్చ గుర్తు పడింది.

"పడ్డది, పడ్డది" అన్నాడు జవాన్ నేల చూస్తూ. అవ్వ బొట్టు పీకి, రేపటికి పనికొస్తుందని తన చెత్త తోపుడుబండి పిడికి అంటించింది. చీపురు తీసుకుని తన రోడ్డుకు నడిచింది.

హైదరాబాద్ నుంచి ఇప్పటికీ జవాబు లేదు. అవ్వ పని నిలబడింది. బాపు పోయాక ఇంట్లో ఒక్కసారి కూడా నవ్వని మనిషి, రోజూ పొద్దున్నే ఆ ఫోన్‌కు నవ్వి చూపిస్తుంది. అది చూడలేక నేను తోడు వెళ్లడం మానేశాను.