షింటో గుడి స్తంభం మీద మా బావ చేసిన పని

మా అక్క మొగుడూ నేనూ మార్కాపురంలో పలకరాయి వ్యాపారం కలిసి చేసేవాళ్లం. ఒకసారి రాళ్ల ఎగ్జిబిషన్ చూడ్డానికి జపాన్ వెళ్లి, ఆఖరి రోజు టూరు బస్సులో జపానోళ్ల పాత మతమైన షింటో గుడి ఒకదానికి పోయాం.

వాకిట్లో చెక్క గరిటెతో నీళ్లు పోసుకుని చేతులు, నోరు కడుక్కున్నాం. లోపల విగ్రహం కనపడదు. వందల ఏళ్ల వానకూ ఎండకూ నెరిసిన చెక్క స్తంభాలు. అందరూ మెల్లగా మాట్లాడుతున్నారు. చాలా రోజుల తర్వాత నా మనసు కుదుటపడింది.

అంతలో వెనక గీరుతున్న చప్పుడు. తిరిగి చూస్తే బావ తాళంచెవితో స్తంభం మీద తన పేరు చెక్కుతున్నాడు. అప్పటికే రెండక్షరాలు అయ్యాయి. చెయ్యి పట్టి లాగాను.

"ఏంది బావా ఇది?"

"గుర్తుగా ఉంటది. మన దేవళాల్లో రాయట్లేదా ఏంది?"

"మొన్న పలక మీద గీత పడిందని మన దగ్గర పనిచేసే ఆమెను అందరి ముందు తిట్టినావు. పని మాన్పించినావు."

"అది సరుకు. ఇది కట్టె."

నాకు ఒళ్లు మండిపోయింది. తెల్లబట్టల్లో ఆవరణ ఊడుస్తున్న ముసలాయన చీపురు పక్కన పెట్టి వచ్చాడు. కేకలెయ్యలేదు. ఆ అక్షరాలను వేలితో తడిమి మా వైపు చూశాడంతే. బావ "పా, బస్సు పోతాది" అంటూ వెళ్లిపోయాడు. నేను ఉండిపోయాను. వంగి దండం పెట్టి, వచ్చిన ఇంగ్లీషులో క్షమించమని అడిగాను. గుడి ఆఫీసులో జరిగింది రాసిచ్చి వచ్చేసరికి బస్సు లేదు.

ఊరికొచ్చాక గిద్దలూరులో బంధువుల పెళ్లి. భోజనాల దగ్గర బావ మీసం దువ్వుతూ, "జపానోళ్ల గుళ్లో నా పేరుంది ఇప్పుడు" అన్నాడు. పంక్తి మొత్తం నవ్వింది. చదువుకున్నవాళ్లు కూడా. ఆ నవ్వుకే నాకు ఎక్కువ కోపం వచ్చింది. జరిగినదంతా అక్కడే చెప్పాను, ముసలాయన చూసిన చూపుతో సహా. నవ్వు ఆగింది.

"పరాయోళ్ల కోసం ఇంటోన్ని పలచన చేసినావు," అన్నాడు బావ.

"నిన్ను నువ్వే చేసుకున్నావు," అన్నాను.

పై వారం నుంచి మా ఇద్దరి సరుకు వేరువేరు లారీల్లో పోతోంది. పని పోయిన ఆమె ఇప్పుడు నా దగ్గర పలకలు పాలిష్ పడుతోంది.