సొంత పని గడి

ఇప్పుడు లారీ ఎక్కడ ఆగింది, ఎంతసేపు ఆగింది అంతా ఒక చిన్న డబ్బా రాసుకుంటుందట. ఎనభైల్లో, నారాయణఖేడ్‌లో గుమస్తాగా ఉన్నప్పుడు ఆ డబ్బా నేనే. మా సేటుకు నాలుగు లారీలు. కందులు, పత్తి హైదరాబాద్‌కు పోయేవి. బండి ఊరు దాటితే 'లైన్ మీద ఉంది' అనేవాళ్లం. పోయేముందు, తిరిగొచ్చాక డ్రైవరు మీటరు మీది కిలోమీటర్లు చెప్పాలి, నేను లాగ్‌బుక్కులో ఎక్కించాలి.

డ్రైవర్లు ఖాళీ లారీలో ఇంటికి పోవడం, చుట్టాలను దింపి రావడం మామూలే. సేటుకు అది కడుపుమంటగా ఉండేది. అందుకని లాగ్‌బుక్కులో 'సొంత పని' అని ఒక గడి పెట్టాం. ఆలోచన నాదే, స్కేలు పెట్టి గీసిందీ నేనే. అప్పట్లో గర్వంగానే ఉండేది. "రాస్తే ఏమనను, దాస్తేనే ఊకోను" అన్నాడు సేటు. బోరంచ నల్లపోచమ్మకు మాత్రం మినహాయింపు. అక్కడ కొబ్బరికాయ కొట్టుకొస్తే బండికే మంచిది కాబట్టి అది కంపెనీ పనే అని తేల్చాడు. ఆ ఏడు మా డ్రైవర్లకు అమ్మవారి మీద భక్తి బాగా పెరిగింది.

ముగ్గురు డ్రైవర్లు ఆ గడి జోలికే రాలేదు. మీటరు వెనక ఒక తీగ ఉంటుంది. దాని నట్టు విప్పితే లారీ నడుస్తుంది, మీటరు నిలబడిపోతుంది. కల్హేర్ అంగడి రోజున మా మూడు మీటర్లూ కాసేపు నిద్రపోయేవి. విప్పి విప్పి ఆ నట్లు తళతళలాడుతుండేవి. నాకు తెలుసు. అడగలేదు. ముగ్గురితో పెట్టుకుని ఆ ఆఫీసులో బతకడం నావల్ల కాదు.

నాలుగో ఆయన సిర్గాపూర్ వైపు మనిషి, నాకంటే పదేళ్లు పెద్ద. ఆయన ప్రతిదీ చెప్పేవాడు. "రాయి తమ్మీ, ఇంటికి పోయిన." "రాయి, బిడ్డను అత్తగారింట్ల దింపిన." అంత నిజాయితీ చూస్తే నాకు కొంచెం విసుగు కూడా వచ్చేది. గడి గీసింది నేనే అయినా, దాన్ని ఎవరైనా అంత మనసుపెట్టి నింపుతారని అనుకోలేదు.

ఒక ఎండాకాలం పొద్దున మా అమ్మకు కడుపునొప్పి లేచింది. సంగారెడ్డి దవాఖానకు తీసుకుపొమ్మన్నారు. బస్సు వెళ్లిపోయింది, జీపు దొరకలేదు. ఆఫీసు ముందు ఆయన లారీ ఖాళీగా ఉంది. నేను నోరు తెరిచి అడగలేదు, నా మొహం చూసి ఆయనే తాళంచెవి తీశాడు. సీటు మీద గోనె సంచులు పరిచి, కాంటా దగ్గరి స్టూలు వేసి, అమ్మను ఇద్దరం పైకెక్కించాం. గుంత వచ్చినప్పుడల్లా ఆయన "అమ్మా, జర పట్టుకో" అని ముందే చెప్పేవాడు. ఆ రోజే ఆపరేషన్ చేశారు. అమ్మ బతికింది.

మర్నాడు లాగ్‌బుక్కు తెరిచి 'గుమస్తా తల్లి కోసం' అని రాయబోయాను. ఆయన పేజీ మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"నీ పేరెందుకు రాస్తున్నవ్? గుమస్తానే బండి తిప్పుకుంటుండంటే సేటు నీ నౌకరి తీస్తడు. నా సొంత పని అని రాయి. నన్నైతే నాలుగు తిట్టి ఊకుంటడు."

అలాగే రాశాను.

దసరా ముందు సేటు నాలుగు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాడు. మూడింట్లో గడి ఖాళీ. నాలుగోదాంట్లో పేజీ పేజీకీ నా చేతిరాత. సంగారెడ్డి దగ్గర సేటు వేలు ఆగింది. ఆయన్ను పిలిపించాడు.

"ఇంత దూరం ఏం సొంత పని?"

ఆయన నావైపు చూడలేదు. "ఇంట్ల తబియత్ బాగలేకుండె సేట్" అన్నాడు.

నేను కలం మూత తీశాను, పెట్టాను, మళ్లీ తీశాను. సేటు ఎన్నడో అన్న "రాస్తే ఏమనను" నీటి మీద రాతే అయింది.

"కంపెనీ బండంటే నీ ఎడ్లబండి అనుకున్నవా? ఇగ రేపటి సంది రాకు."

ఆయన తాళంచెవి నా బల్ల మీద పెట్టాడు. "అమ్మ మంచిగున్నదా తమ్మీ?" అని అడిగాడు. మంచిగుంది అన్నాను. బస్టాండు వైపు నడిచిపోయాడు. నాకు సిగ్గేసింది. నౌకరి మిగిలిందన్న నెమ్మది కూడా ఉండింది, అది దాచను.

తర్వాతి నెల నాలుగు పుస్తకాల్లోనూ సొంత పని గడి ఖాళీగా ఉంది. పద్ధతి బాగా కుదిరిందని సేటు నన్ను మెచ్చుకున్నాడు.

అమ్మకు ఏమీ చెప్పలేదు. వీధిలో లారీ చప్పుడైతే చాలు, "గా డ్రైవర్ వచ్చిండేమో చూడు, రొట్టె తిని పోతడు. ఒక్కనాడన్న తోల్కరాకపోతివి" అనేది.

"లైన్ మీదున్నడమ్మా" అనేవాణ్ణి.

అమ్మ పోయేదాకా, ఆరేళ్లు, ఆయన్ను అలాగే లైన్ మీద ఉంచాను.