తల ఊపిందాకా తీర్పు లేదు

కమలాపురం దగ్గరి ఆ పల్లెలో లక్ష్మీదేవమ్మ గొంతెత్తితే, కడప పోయే బస్సు డ్రైవరు తననే పిలుస్తున్నారనుకుని బ్రేకు వేస్తాడు. అబద్ధమనేవాళ్లు ఆమె ఎదుటికొచ్చి అనాలి. ఇంతవరకూ ఒక్కరూ రాలేదు.

ఊరి తగువులన్నీ ఆమె దగ్గరికే వస్తాయి. ఆమెది ఒకటే పద్ధతి. ఫిర్యాదు చేసేవాడు ముందు ఎదుటివాడి వాదన చెప్పాలి. ఎదుటివాడు అవునని తల ఊపాకే తన గోడు చెప్పుకోవాలి. ఈ దెబ్బకు సగం గట్టు తగువులు ఆమె గడప తొక్కకముందే చచ్చాయి.

ఆ రోజు ఆమె కోపంగానే వచ్చి పాలకేంద్రం వరండాలో కూర్చుంది. ఎదురుగా ఓబులేసు. కాలేజీలో పాఠాలు చెప్పడం మానేసి, భూమి ఎవరిదైనా కింది నీళ్లు ఊరందరివంటూ చిన్న పుస్తకాలు రాసి పంచే మనిషి. ఆ మాట వింటేనే ఆమెకు ఒళ్లు మండుతుంది. ఆమె చీనీ బత్తాయి తోట బతికేది ఒక్క బోరు మీద. ఓబులేసును ఇక ఊళ్లోకి రానీయకూడదని పట్టుబట్టినవాడు భూపేష్, బోర్లు వేసే రెండు బండ్ల యజమాని. జనమంతా అతని వెనకే.

"ఏమప్పా భూపేషూ, ఓబులేసు ఏమంటాండాడో ముందు చెప్పు."

"ఏముండాది అత్తా? ఉన్న బోర్లన్నీ పూడ్చమంటాండాడు."

ఓబులేసు తల అడ్డంగా ఊపాడు.

"మన తోటలు గవర్నమెంటుకు రాసియ్యమంటాండాడు."

మళ్లీ అడ్డంగానే.

"వాని పుస్తకం చదివినావా?"

"చదివేదేంది అత్తా, వాట్సాప్‌లో అందరూ పెడతాండారు గదా!"

"థూ! బోరు ఎయ్యాలంటే అరచేతిలో టెంకాయ లేస్తే కింద నీళ్లుండాయంటావు, వాట్సాప్‌లో వస్తే నిజమంటావు. నోరు ముయ్యి!"

ఓబులేసు నవ్వాడు. ఆమె అటు తిరిగింది.

"నీకెందుకప్పా నవ్వు? నేను చెప్తా విను. ఉన్న బోర్లు ఉండనీ, కొత్తవి వద్దు. ఎండాకాలం నీళ్లున్నోళ్లు లేనోళ్ల చెట్లకు వంతు ప్రకారం ఇయ్యాల. అంతేనా?"

"అంతే అక్కా." ఈసారి తల నిలువుగా ఊగింది.

"అది నాకు శానా అన్యాయం. ఇప్పుడు నా వాదన నువ్వు చెప్పు."

"నీ తోట పచ్చగుంటే చాలు, పక్కోడు ఏమైపోయినా నీకు పట్టదు."

ఆమె తల కదలలేదు. పాల క్యాన్ల మీది ఈగలు కూడా గోల ఆపి చూశాయి.

"ఇన్ని పుస్తకాలు రాసినావు, నువ్వూ భూపేషు బాపతే! లెయ్యి."

మిట్టమధ్యాహ్నం ఎండలో చెయ్యి పట్టుకుని తోటకు లాక్కుపోయింది. జనం వెంటబడ్డారు. తోటలో అక్కడక్కడా ఎండిన బోర్లు, వాటి నోళ్ల మీద బండరాళ్లు.

"ఈడ పడలేదు. ఆడా పడలేదు. ఆ మూల బోరుకు నా కమ్మలు పోయినాయి. చెట్లు ఎండతాంటే ఊరంతా చూసింది. ఒక్కరూ కడవెడు నీళ్లియ్యలేదు."

ఓబులేసు ఒక రాయి పక్కకు జరిపి బోరులోకి తొంగి చూశాడు.

"నష్టం ఒక్కదానివే మోసినావు. నీళ్లు పడినంక అందరివైతే, పడనప్పుడు ఆ అందరూ యాడ పోయినారని అడుగుతాండావు."

ఆమె తల ఊపింది. మొహంలో కోపం మాత్రం అలాగే ఉంది.

"ఈయప్ప ఊళ్లోకి వస్తాడు," అంది భూపేష్‌తో. "పుస్తకం చదివొచ్చి అప్పుడు తిట్టుకో." ఓబులేసు వైపు తిరిగింది. "నా మాటకు నీ జవాబేంది?"

"ఆలోచించాల అక్కా."

"ఆలోచించు. అంతదాకా నా బోరు నాదే."