బాంబు సినిమా, నా పర్మినెంటు ఉద్యోగం

ఆ కాలంలో పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో పనిచేసే మాబోటి క్యాజువల్ కుర్రాళ్లకు ‘పర్మినెంటు’ అన్న మాట వింటేనే కడుపు నిండేది (ఆ మాటతో తప్ప మరోలా నిండేదీ కాదు). నేను అక్కాబావల ఇంట్లో ఉంటూ, బావ పనిచేసే మందుల ఫ్యాక్టరీలోనే డ్రమ్ములు దొర్లించేవాణ్ణి. ఒకరోజు బావ ఫ్యాక్టరీకి జ్వరమని చెప్పి, అక్కకు డ్యూటీ అని చెప్పి, నైట్ షిఫ్టు దిగిన నన్ను వెంటబెట్టుకుని ఓ ఇంగ్లీషు సినిమాకు తీసుకెళ్లాడు. పిల్లలు ఆడుకునే పార్కుల్లో బాంబులు పెట్టేవాడి కథ. పాటల్లేవు, ఫైటింగుల్లేవు. ఇంటర్వెల్‌కే హాలు ఖాళీ (మర్నాడు సినిమానే ఎత్తేశారు). కానీ ఆ దుర్మార్గుడు జనం మధ్య నిమ్మళంగా నడుస్తుంటే నా ఒళ్లు జలదరించింది. అంత మంచి సినిమాను మనవాళ్లు ఎందుకు కాదన్నారో నాకిప్పటికీ అర్థం కాదు.

ఆ వారమే కంపెనీ మమ్మల్నందరినీ లారీ ఎక్కించి సంగారెడ్డి ఎగ్జిబిషన్‌కు తీసుకెళ్లింది. అక్కడ జెయింట్ వీల్ కింద, ఎవరూ లేనిచోట, ఒక రెగ్జిన్ సంచి కనిపించింది. దగ్గరికెళితే లోపల్నుంచి గరగరమని చప్పుడు. నా పైప్రాణాలు పైనే పోయాయి.

“బాంబు! ఉరకుండ్రి!” అని అరిచాను.

అందరికన్నా ముందు ఉరికింది వీల్ తిప్పేవాడే. పోతూపోతూ మోటారు ఆపేసి మరీ పోయాడు. పైతొట్టిలో చిక్కుకున్నది మా మేనేజరు. “దించుండ్రిరా! ఎవడన్న దించుండ్రి!” అని ఆయన ఏడుస్తుంటే మా వాళ్లంతా దూరంగా నిలబడి నోళ్లు తెరుచుకుని చూశారు. తీరా చూస్తే సంచి ఆయనదే. అందులో ఆపడం మరిచిన ట్రాన్సిస్టరు.

మర్నాడు మేనేజరు నన్ను పిలిపించాడు. “బాంబని ఎట్లనిపించిందిరా నీకు?”

“సినిమాల గట్లనే ఉండె సార్.”

“ఏం సినిమా? గసుంటి సినిమా ఎవడన్న చూసిండా?”

“మా బావ చూసిండు సార్. ఇద్దరం కలిసే పోయినం.”

బావను పిలిచారు. ఆయన నా మొహం చూడలేదు. “గా దినం నాకు జరం సార్. మంచంల పండుకున్న. ఈనికి ఏందో పరేషానైంది.”

నేనింకేం మాట్లాడలేదు. మాట్లాడితే ఆయన ఉద్యోగం పోతుంది, ఆ ఇంట్లోనే నా తిండి. ఆ నెల పర్మినెంటు చేసినవాళ్లలో నేను లేను. తర్వాతి నెల గేటు లోపలికే రానివ్వలేదు.

ఆ సాయంత్రం అక్క అన్నం పెడుతూ ఏడ్చింది. “సినిమాలు జూసి ఆగమైతివి గద తమ్మీ! మీ బావను జూసి నేర్చుకో జెర. ఎన్నడన్న డ్యూటీ ఎగ్గొట్టిండా?” బావ తలొంచుకుని పప్పు కలుపుకుంటున్నాడు.

తర్వాత ఎన్ని ఫ్యాక్టరీలు తిరిగినా పర్మినెంటు నాకు దొరకలేదు. ఇప్పటికీ ఆ పూట గుర్తొస్తే నోరు చేదవుతుంది. అయినా అప్పటి నన్ను, ఆ కుర్రాణ్ణి, తలుచుకుంటే నవ్వూ వస్తుంది. “అట్లనే అక్కా” అని, పిచ్చోడు, ఇంకొంచెం అన్నం పెట్టమని కంచం చాపాడు.