గేటు కడ్డీల నడుమ మూడు వందల అడుగుల పైపు

2022 ఎండాకాలం. అల్మాస్‌గూడలో రెండే గల్లీలున్న చిన్న కాలనీ. మొదటి గల్లీలో కోస్తా నుంచి వచ్చి ఇండ్లు కట్టుకున్నోళ్లు, రెండో గల్లీలో నల్గొండ దిక్కోళ్లు. రెండూ ఒకే తిన్నని రోడ్డు, నడుమ ఇనుప గేటు. పిల్లల బంతి ఎవరిదో కారు అద్దానికి తగిలి మొదలైన లొల్లి, మొదటి గల్లీ వాళ్లు గేటుకు తాళం వేసేదాకా పోయింది. ఏడాదిగా రెండో గల్లీ వాళ్లు బస్సుకు చుట్టు తిరిగి పోతున్నరు.

నాది ఎల్బీనగర్‌లో బోరు మోటార్ల రిపేర్. ఏడో తరగతిల బడి నన్ను వదిలేసింది, నేనూ దాన్ని ఏమనలేదు. ఆ పొద్దున ఫోన్ చేసింది మొదటి గల్లీ అసోసియేషన్ ప్రెసిడెంటు సత్యవతిగారు.

"బోరు ఆగిపోయింది బాబూ. రేపే మా కోడలి సీమంతం. ట్యాంకరు మూడు రోజులకు గానీ రాదంట."

పోయి చూసిన. బోరు లోపల మునిగి ఉండే మోటారును సబ్‌మర్సిబుల్ అంటం. దానికి కట్టిన నల్ల ప్లాస్టిక్ పైపు మూడు వందల అడుగులు, ఒకటే ముక్క. మోటారు బయటికి రావాలంటే ఆ పైపును జనం భుజాల మీద పెట్టుకుని రోడ్డు వెంట తిన్నగ నడవాలె. మడత పడితే పైపు ఖతం. బోరు నుంచి గేటు దాకా వంద అడుగులే, వెనక గోడ. మిగతా రెండొందలు గేటు అవతల.

"పైపు కడ్డీల మధ్య పట్టదూ?" అన్నది సత్యవతిగారు.

"పైపు పడతదమ్మా. దాన్ని మోసేటోళ్లే పట్టరు. అవతల మనుషులు కావాలె."

"అయితే నువ్వెళ్లి అడుగు."

చుట్టు తిరిగి పోయి లారీ నడిపే నరసింహన్నను అడిగిన. ఆ గల్లీకి ఆయన మాటే మాట.

"మా బోరు మంచిగనే ఉన్నది. ఆళ్ల నీళ్లకు మా భుజాలెందుకు?"

"సీమంతమంటనే అన్నా."

"పిలిచేటోళ్లు పిలవాలె. నువ్వేంది, పెండ్లిపెద్దవా?"

గా మాటే తెచ్చి సత్యవతిగారికి అప్పజెప్పిన. ఆమె కొంగు సర్దుకుని గేటు కాడికి పోయి, అవతలున్న నరసింహన్నను పిలిచింది.

"నరసింహగారూ, రేపు మా కోడలి సీమంతమండి. మీ గల్లీ ఆడవాళ్లంతా వచ్చి గాజులు తొడగాలి."

"ఎట్లొస్తరమ్మా, కడ్డీల సందుల నుంచా?"

రెండు దిక్కులా నవ్విండ్రు. ముందు నవ్వింది ఆమెనే. "తాళంచెవి తెస్తాను" అని ఇంట్లకు పోయింది.

అవతల ఇరవై మంది జమైండ్రు. పైపు కొస కడ్డీల నుంచి దూర్చినం, అందుకుని నడిచిండ్రు. ఆమె తాళంచెవి వెతికి తెచ్చేసరికి మోటారు బయటపడ్డది, పైపు గేటు కడ్డీల నడుమ ఉన్నది, గేటు తెరిస్తే మడత పడతది.

"ఏడాది ఆగిండ్రు, ఇంకో రెండు గంటలు ఆగుండ్రి" అని నేనన్న. చాయ్ గ్లాసులు మాత్రం కడ్డీల సందుల నుంచే పోయినయి.

కేబుల్ జాయింటుల నీళ్లు పోయి మోటారు ఆగింది. కొత్త జాయింటు కట్టిన. దించేటప్పుడే భయం, బరువు కిందికి గుంజుతది, పట్టు సడలితే మోటారు బోరు పాలే.

"మీ అడుగు తొందరగా పడుతోందండి" అని ఇవతలి పెద్దమనిషి.

"మీదే లేటు సార్, జర కదులుండ్రి" అని నరసింహన్న.

తిట్టుకుంటనే ఇద్దరూ ఒకే అడుగు వేసిండ్రు. మోటారు కూసున్నది. స్విచ్ వేస్తే ముందు ఎర్ర నీళ్లు, తర్వాత తెల్లటి ధార. తాళం తుప్పుపట్టి తిరగకపోతే, అదే చేత్తోని దానిక్కూడ ఇంత ఆయిల్ పోసిన.

తెల్లారి సీమంతం భోజనాల బంతిల నేనూ కూసున్న. సత్యవతిగారి కోడలి చేతులకు మోచేతి దాకా గాజులు, అన్నం కలుపుకుందమంటే చెయ్యి వంగుతలేదు. నరసింహన్న పెండ్లాము పక్కన కూసుని ముద్దలు పెట్టింది.

అప్పటినుంచి ఎవరు ఫోన్ చేసినా, బోరు ఎంత లోతని తర్వాత అడుగుత. పక్కింటోళ్లతోని మాటలున్నయా అని ముందు అడుగుత.