వెంకటేశప్పకు రాని జబ్బు

ఏ జబ్బు పేరెత్తినా అది వెంకటేశప్పకు ఎప్పుడో వచ్చి పోయి ఉండేది. ధర్మపురి బస్టాండు వెనక వీధిలో, ఇంటి ముందరి గదే ఆయన దర్జీ అంగడి. ఎవరైనా వచ్చి "అన్నా, మా వానికి గవదబిళ్ళలు" అంటే చాలు, మిషను ఆగేది.

"నాకు వచ్చినాయి. ఎడమ పక్క మూడు రోజులు, కుడి పక్క నాలుగు."

కామెర్లు వచ్చాయి. టైఫాయిడు రెండుసార్లు వచ్చింది. పాలు పోసే సదాశివం ఒకనాడు తన ఆవుకు గాలికుంటు సోకిందని చెబుతుంటే "అదీ..." అని మొదలుపెట్టి, సదాశివం చూపు తన కాళ్ళ మీదికి పోవడం గమనించి ఆగిపోయాడు.

భార్య మీనాక్షమ్మ ఒకసారి లెక్క వేసింది. "ఇవన్నీ కలిపితే పుట్టినప్పట్నుంచి పెండ్లి దాకా నువ్వు మంచం దిగినట్టు లేదే. ఈ కుట్టుపని ఎప్పుడు నేర్చినావు?"

"మంచంలోనే నేర్చినాను."

ఆయనకొక సిద్ధాంతం ఉండేది. జబ్బు దొంగలాంటిది. ఒకసారి వచ్చి పోయిందా, ఒంట్లో కావలివాడు దాని మొగం గుర్తు పెట్టుకుంటాడు, మళ్ళీ గడప తొక్కనివ్వడు. అయితే కావలివాడికి కూడు పెట్టాలి. కూడంటే రాగి సంగటి, ఉలవచారు, మునగాకు. పాలిష్ బియ్యం తిన్న కావలివాడు గోడకు ఆనుకుని కునుకుతాడు.

ఆ సిద్ధాంతం చొక్కాల్లోకి కూడా దిగింది. రొమ్ము ముప్పైరెండు అంగుళాలున్న మనిషికి ముప్పైనాలుగుకు కుట్టేవాడు.

"అన్నా, చొక్కా లూజుగా ఉంది."

"చొక్కా సరిగానే ఉంది. నువ్వే చిన్నగా ఉండావు. రెండు నెలలు ఉలవలు తిను."

చాలామంది తిన్నారు. వెంకటేశప్పతో చొక్కా కుట్లు విప్పించి మళ్ళీ కుట్టించడం కన్నా ఉలవలు తినడం సులభం.

ఎనభైనాలుగు ఎండాకాలంలో పెరటి గదిలో బాడుగకున్న రాసాత్తికి ఆటలమ్మ పోసింది. మొగుడు కాళియన్ బెంగళూరులో కట్టడం పనికి పోయి ఉన్నాడు. వాకిట్లో వేపమండలు కట్టాక ఆ వైపు ఎవరూ తొంగి చూడలేదు. రెండు రోజులుగా రాసాత్తి ఏమీ తినలేదు, జ్వరం దిగలేదు. గోడ అవతల మూలుగు వింటూ మీనాక్షమ్మ ఇటు తిరిగింది, అటు తిరిగింది.

"నాకు చిన్నప్పుడు పోయలేదు. పోతే నాకూ అంటుకుంటుంది. ఏం చేసేది?"

"నాకు పోసింది, ఏడో ఏట," అన్నాడు వెంకటేశప్ప గంజి లోటా ఎత్తుకుంటూ. "వీపు మీద మచ్చలుండాయి."

"నీ వీపు నేను చూడలేదా?"

"సరిగ్గా చూడలేదు."

నోరంతా పుండ్లై రాసాత్తి గంజి వద్దనేది. గోడ ఇవతల మీనాక్షమ్మకు అంతా వినిపించేది.

"నీ కావలివాళ్ళు పస్తుండారమ్మా. వాళ్ళ మొగం చూసి రెండు గుక్కలు."

"ఎంతమందన్నా వాళ్ళు?"

"నిన్న పదిమంది. పొద్దున సగం లోటా వదిలినావు, ఇద్దరు పనికి రాకుండా నిలిచిపోయినారు."

తొమ్మిది రోజులకు రాసాత్తి తలకు నీళ్ళు పోసుకుంది. వెంకటేశప్ప మాత్రం అంగడి తెరవలేదు. మిషను బెల్టు తెగిందన్నాడు. భార్యను దగ్గరికి రానివ్వకుండా అంగడి గదిలోనే పడుకున్నాడు. బజారులో దొరికే బెల్టుకు ఇన్ని రోజులేమిటో మీనాక్షమ్మకు అర్థం కాలేదు.

మరో వారానికి ఆయన ఒళ్ళంతా పొక్కులు లేచాయి.

"ఒకసారి వస్తే మళ్ళా రాదంటివే?" అంది ఆమె గుమ్మంలో నిలబడి.

"ఇది వేరే అమ్మ. వాళ్ళు అక్కచెల్లెండ్లు కదా."

మారండహళ్ళి నుంచి బస్సులో వచ్చిన ఆయన అక్క రంగమ్మాళ్ ఆ మాట విని నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "వీనికి ఎప్పుడు పోసింది? మా అయిదుగురికీ పోసినప్పుడు వీన్ని అవ్వ ఇంటికి తోలేసినారు. జలుబు తప్ప వీనికి ఏ జబ్బూ ఎరగం."

మీనాక్షమ్మ మళ్ళీ లెక్క వేసింది. గవదబిళ్ళలు ఆ వీధిలోని కేశవన్ కొడుక్కి. కామెర్లు ముసలి ఎల్లప్పన్‌కు. టైఫాయిడు రెండిళ్ళలో. ప్రతి ఇంటికీ ఈయన గంజి మోసుకుపోయాడు. గాలికుంటు కూడా లెక్కలోదే. ఆ వారం సదాశివం దొడ్డిలో మేత వేసింది ఈయనే.

"ఇన్ని అబద్ధాలు ఎందుకయ్యా?"

"రాలేదంటే వాళ్ళు లోపలికి రానిస్తారా? నువ్వు పోనిస్తావా?"

ఇంతలో వెనకనుంచి రాసాత్తి లోటా పట్టుకుని వచ్చింది. "జరుగక్కా. నాకు పోసేసింది."

"రెండు ఇడ్లీలు పెట్టించమ్మా," అని బతిమాలాడు వెంకటేశప్ప. "రాగి గంజి దిగదు."

"కావలివాళ్ళు పస్తుండారన్నా," అని రాసాత్తి లోటా నోటికి ఆనించింది.

లేచి తిరిగే నాటికి ఆయన చొక్కా ఒంటి మీద వేలాడుతోంది. రాసాత్తి టేపు తీసి రొమ్ముకు చుట్టింది. "మూడంగుళాలు తగ్గినావు. చొక్కా సరిగానే ఉంది." ఉలవలు నెల రోజులు తప్పలేదు.

బెల్టు అతుక్కుని మిషను మళ్ళీ తిరిగింది. ఒక పొద్దున సదాశివం వాకిట్లో నిలబడి, మనవరాలికి కోరింత దగ్గని, ఇంట్లో అందరూ నీరసపడిపోయారని చెప్పాడు. మిషను ఆగింది. వెంకటేశప్ప నోరు తెరిచి, భార్య వైపు చూసి, మూశాడు.

మీనాక్షమ్మ గంజి చెంబు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"అదీ ఈయనకు ఎప్పుడో వచ్చిందిలే సదాశివం," అంది. తర్వాత మొగుడి వైపు తిరిగింది. "మూతికి గుడ్డ కట్టుకుని పో."